అమ్మినవారి మౌనం: ఇంటి కొనుగోలులో దాచిన లోపాలపై న్యాయం నడిచిన దారి

తెలుగు నేలపై రాసే ఇంటి విక్రయ దస్తావేజును ఏ ఊరి రిజిస్ట్రారు ఆఫీసులో తీసి చూసినా, షెడ్యూలుకు ముందు వచ్చే పేరాల్లో దాదాపు ఒకే రకం మాటలు కనిపిస్తాయి. సదరు ఆస్తిని అంతకుముందు ఎవరికీ విక్రయ, దాన, తనఖా వగైరాలు చేయలేదనీ, దానిపై కోర్టు జప్తులు గాని సర్కారు బకాయిలు గాని లేవనీ, ముందుముందు ఎవరైనా వచ్చి తగాదా పెడితే అమ్మినవారే సొంత ఖర్చులతో పరిష్కరించి ఇస్తారనీ దస్తావేజు లేఖరి వరసగా రాసుకుంటూ పోతాడు. ఈ హామీలన్నీ హక్కుకు సంబంధించినవే. కొత్త రంగు కింద దాగిన గోడ చెమ్మ గురించి, పునాది కింద పూడ్చేసిన కుంట గురించి, స్లాబులో తుప్పు పట్టిన ఇనుము గురించి ఒక్క వాక్యం కూడా ఆ కాగితంలో ఉండదు. ఇల్లు చేతికొచ్చాక బయటపడే లోపాలకు కొన్నవారికి ఏ దారి ఉందన్న ప్రశ్నకు జవాబు ఇంత చిక్కుగా ఉండడానికి ఈ లేమి ఒక ముఖ్య కారణం, దాని మూలాలు చాలా లోతున ఉన్నాయి.

విజయనగర కాలపు దానశాసనాల్లో భూమిని అష్టభోగ స్వామ్యాలతో ఇస్తున్నట్టు రాసేవారు. నిధి అంటే భూమిలో దొరికే పాతర ధనం, నిక్షేపం అంటే దాచిపెట్టిన సొత్తు, జలం అంటే బావులూ కుంటల నీరు, పాషాణం అంటే రాయి. వీటికి అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అనే నాలుగూ చేరి, అప్పటికి ఉన్న రాబడీ ఇకముందు రాగల రాబడీ సమస్తం పుచ్చుకున్నవారికే చెందుతాయని తేల్చేవి. రాజులు పోయి స్టాంపు కాగితాలు వచ్చాక కూడా నిధి నిక్షేప జల తరు పాషాణాదుల ప్రస్తావన తెలుగు దస్తావేజులను వదలలేదు. భూమిలో దాగిన మేలును ఇన్ని తరాలుగా పేరుపేరునా రాసిన లేఖరి, దాగిన కీడును రాసే అలవాటు మాత్రం చేసుకోలేదు.

ఇందుకు ధర్మశాస్త్రాలు దాచిన లోపాన్ని పట్టించుకోకపోవడం కారణం కాదు. నారదస్మృతి వివాదాలను విభజించిన తీరులో అస్వామి విక్రయం, అంటే సొంతం కానిదాన్ని అమ్మడం, ఒక ప్రత్యేక శీర్షిక. క్రీతానుశయం, అంటే కొన్నాక కలిగే పశ్చాత్తాపం, మరొక శీర్షిక. కొన్ననాడే వస్తువును తిరిగి ఇచ్చేస్తే పూర్తి ధర వస్తుంది, మర్నాడు ఇస్తే ముప్పయ్యో వంతు కోత పడుతుంది, మూడో నాడు అది రెట్టింపవుతుంది, ఆ తరవాత వెనక్కి ఇచ్చే హక్కే ఉండదు. యాజ్ఞవల్క్యస్మృతి పరీక్షకు ఇచ్చిన గడువులు మరింత సూక్ష్మమైనవి: విత్తనాలకు 10 రోజులు, బరువు మోసే పశువుకు 5, రత్నాలకు 7, పాడి పశువుకు 3, ఇనుముకు 1. విత్తనం మొలకెత్తేదీ లేనిదీ, ఆవు పాలిచ్చేదీ లేనిదీ తేలడానికి పట్టే కాలమే అక్కడ కొలబద్ద. లోపం బయటపడే వేగాన్ని బట్టి గడువు ఉండాలన్న ఈ ఆలోచనను ఆధునిక చట్టం చాలా ఆలస్యంగా అందుకుంది. దోషమున్న సరుకును దోషం లేనిదని అమ్మినవారికి ధరకు రెట్టింపు దండన కూడా అదే స్మృతి చెప్పింది. అస్వామి విక్రయంలో అసలు యజమాని వచ్చి సొత్తు పట్టుకుపోతే, కొన్నవాడు తనకు అమ్మినవాడిని చూపించి నిర్దోషిగా బయటపడవచ్చు, ఇచ్చిన ధర ఆ అమ్మినవాడి నుంచే రాబట్టుకోవచ్చు. అయితే రహస్యంగా, వేళ కాని వేళ, మరీ తక్కువ ధరకు కొన్నవాడిని దొంగతో సమానంగా చూశారు. ధర అనుమానాస్పదంగా తక్కువ ఉన్నప్పుడు విచారించుకోవలసిన బాధ్యత కొనేవారిదేనన్న సూత్రం అంత పాతది.

ఇల్లూ పొలమూ ఆ గడువుల పట్టికలో లేవు. స్థావరాస్తికి, యాజ్ఞవల్క్యస్మృతిపై విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్య అయిన మితాక్షర వేరే దారి చూపింది. భూమి బదిలీకి ఆరు అంగాలు ఉండాలన్న వచనాన్ని విజ్ఞానేశ్వరుడు వివరించాడు: ఊరివారి అనుమతి, జ్ఞాతుల అనుమతి, సామంతుల అనుమతి, దాయాదుల అనుమతి, బంగారం, నీటిధార. ఇక్కడ సామంతులంటే రాజులు కారు, చుట్టుపక్కల భూములవారు. ఊరి అనుమతి ఎందుకంటే లావాదేవీ నలుగురికీ తెలియడానికని, పొరుగువారి అనుమతి ఎందుకంటే హద్దుల తగాదా రాకుండా ఉండడానికని ఆయన చెప్పిన కారణాలు చాలా విలువైనవి. అమ్మేవారు దాచాలనుకున్నా దాచలేని ఏర్పాటు అది. నోరు విప్పవలసిన బాధ్యతను ఒక్క విక్రేత నిజాయితీ మీద వదలకుండా, తెలిసినవారందరినీ సాక్ష్యానికి పిలిచే పద్ధతి. ఈ మితాక్షర సంప్రదాయం 13వ శతాబ్దంలోనే, తిక్కన సమకాలికుడైన కేతన రాసిన విజ్ఞానేశ్వరీయం ద్వారా తెలుగులోకి వచ్చింది.

కంపెనీ పాలనలో ఊరి సాక్ష్యం స్థానాన్ని రిజిస్టరు పుస్తకం ఆక్రమించింది. మద్రాసు ప్రభుత్వం 1802లో చేసిన 17వ రెగ్యులేషను జిల్లాల్లో దస్తావేజుల నమోదుకు ఏర్పాటు చేసింది. 1864 నాటి చట్టంతో 100 రూపాయలూ ఆపై విలువగల స్థావరాస్తి దస్తావేజులకు నమోదు తప్పనిసరి అయింది, తరవాత వచ్చిన చట్టాలను కలుపుకొని 1908 నాటి 16వ చట్టం నేటికీ అమల్లో ఉంది. నమోదు వల్ల ఒక మేలు జరిగింది, ఒక కీడూ జరిగింది. ఎక్కడో దూరాన ఉన్నవారు సైతం ఒక ఆస్తిపై జరిగిన లావాదేవీలను వెతికి తెలుసుకునే వీలు కలగడం మేలు. పొరుగువారి నోటి నుంచి మాత్రమే తెలిసే సంగతులు, అంటే వానాకాలంలో ఏ గది నీళ్లలో మునుగుతుంది, ఏ గోడ ఎవరి స్థలంలోకి జరిగింది అన్నవి, పుస్తకానికి ఎక్కకుండా మిగిలిపోవడం కీడు.

విక్రేత మౌనాన్ని చట్టం సూటిగా ఎదుర్కొన్న కథ 1872లో మొదలవుతుంది. ఆ ఏటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షను మోసాన్ని నిర్వచిస్తూ, లోపాన్ని పనిగట్టుకుని కప్పిపుచ్చడం మోసమే అవుతుంది గాని, మాట్లాడవలసిన బాధ్యత లేని చోట ఊరికే మౌనంగా ఉండడం మోసం కాదని చెప్పింది. ఉదాహరణగా వేలంలో జబ్బు గుర్రాన్ని అమ్మిన వ్యక్తిని చూపి, అతడు నోరు మెదపకపోయినా మోసగాడు కాడంది. కొన్నది అప్పుడే యుక్తవయసుకు వచ్చిన సొంత కూతురైతే మాత్రం తండ్రి చెప్పి తీరాలంది. కొనేవారే జాగ్రత్త పడాలన్న ఇంగ్లిషు సూత్రం ఈ గుర్రం వెనక నిలబడి ఉంది. ఇంగ్లండులో భూమి అమ్మేవారు హక్కులోని నిగూఢ లోపాలను చెప్పాలి గాని, ఇంటి భౌతిక స్థితి గురించి చెప్పవలసిన సాధారణ బాధ్యత లేదు.

పదేళ్ల తరవాత, 1882 జూలై 1న అమల్లోకి వచ్చిన ఆస్తి బదిలీ చట్టం ఇల్లూ భూముల విషయంలో ఈ సూత్రం నుంచి పక్కకు తిరిగింది. మద్రాసు రాజధానికి, అంటే అప్పటి కోస్తా, రాయలసీమ జిల్లాలకు, అది మొదటి నుంచే వర్తించింది. దాని 55వ సెక్షను మొదటి ఉపవాక్యం ప్రకారం, ఆస్తిలో ముఖ్యమైన లోపం ఏదైనా ఉండి, అది అమ్మేవారికి తెలిసి, కొనేవారికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా కొనేవారి కంట పడనిదైతే, దాన్ని వెల్లడించడం అమ్మేవారి విధి. ఈ నాలుగు షరతులూ ఒక్కచోట కలిసినప్పుడే విధి పుడుతుంది. గోడకు అడ్డంగా పగులు కనిపిస్తుంటే అది ప్రత్యక్ష లోపం, చూసుకోవలసింది కొనేవారే. అదే పగులును సిమెంటుతో పూసి, రంగేసి, అమ్మేముందు బీరువా జరిపి నిలబెడితే అది నిగూఢ లోపమవుతుంది. ఇదే సెక్షను చివర చేర్చిన మాట మరీ బలమైనది: ఇలా వెల్లడించకపోవడం మోసపూరితమే. వేలంలో జబ్బు గుర్రాన్ని అమ్మినవాడికి చట్టం ఇచ్చిన మౌనపు గొడుగును ఇల్లు అమ్మేవారికి ఇవ్వలేదు. భారతీయ చట్ట చరిత్రలో కొనుగోలుదారుల పక్షాన జరిగిన ఇంత స్పష్టమైన మార్పుకు రావలసినంత గుర్తింపు రాలేదన్నది నిజం.

రెండో రక్షణ అదే సెక్షనులోని హక్కు హామీ. అమ్ముతున్న ఆస్తి తనదేననీ, దాన్ని బదిలీ చేసే అధికారం తనకుందనీ విక్రేత దస్తావేజులో రాయకపోయినా రాసినట్టే చట్టం భావిస్తుంది. పైగా ఆ హామీ భూమినే అంటిపెట్టుకుని, ఆస్తి చేతులు మారినప్పుడు తరవాత కొన్నవారికి కూడా దక్కుతుంది. లేఖరులు రాసే పూచీ పేరాలు ఈ హామీకి విస్తరణలే.

1929 నాటి సవరణ ఈ చరిత్రలో రెండు వైపులా పదునున్న ఘట్టం. ఆస్తిలోని లోపం అన్న పాత మాటకు అమ్మేవారి హక్కులోని లోపం అన్న మాటలను అప్పుడే చేర్చి, విక్రేత చెప్పవలసిన సంగతుల పరిధిని సందేహానికి తావు లేకుండా పెంచారు. అదే సవరణ, కొనేవారికి తెలిసినట్టు భావించవలసిన సంగతుల పరిధిని కూడా పెంచింది: నమోదైన దస్తావేజు సంగతి కొనేవారికి తెలిసినట్టే లెక్క, ఆస్తిలో నిజంగా కాపురముంటున్నవారి హక్కు కూడా తెలిసినట్టే లెక్క. దీనితో, ఈసీ తీయించకుండా, ఇంట్లో ఉన్నది అద్దెదారో దాయాదో అడగకుండా కొన్నవారు తరవాత కోర్టుకు వెళ్లి తెలియదంటే చెల్లకుండా పోయింది. ఒక చేత్తో ఇచ్చినదాన్ని ఇంకో చేత్తో కొంత వెనక్కి తీసుకున్న సవరణ అది.

ఈసీ అన్న రెండక్షరాలు తెలుగు ఇళ్లలో ఇంతగా పాతుకుపోవడానికి కారణం ఇదే. ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ అంటే ఫలానా కాలంలో ఫలానా ఆస్తిపై నమోదైన లావాదేవీల జాబితా. 1998లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘కార్డ్’ పేరిట రిజిస్ట్రేషన్ ఆఫీసులను కంప్యూటరీకరించే వరకు గుమాస్తాలు సూచికల పుస్తకాలు తిరగేసి చేత్తో రాసి ఇచ్చేవారు. దాని పరిధి ఎంత ఇరుకైనదో మాత్రం కొనేవారిలో చాలామందికి నష్టపోయాకే తెలుస్తుంది. నమోదు కాని ఒప్పందాలు అందులో ఉండవు, వారసత్వపు వాటాలు ఉండవు, కోర్టులో నడుస్తున్న దావాలు సాధారణంగా ఉండవు. దావా నడుస్తుండగా కొన్నవారు ఆ తీర్పుకు కట్టుబడక తప్పదని ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షను చెబుతున్నా, ఆ దావా సంగతి తెలుసుకునే తేలికైన మార్గం కొనేవారికి లేదు. అందుకే అనుభవమున్న వకీళ్లు ఈసీతో పాటు లింకు డాక్యుమెంట్లను, అంటే ఆస్తి ఒకరి నుంచి ఒకరికి మారుతూ వచ్చిన పాత దస్తావేజుల వరసను, తెలంగాణలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డు దాకా తీసి చూడమంటారు.

నమోదు జరిగిందంటే హక్కు తేలిందన్న భ్రమ కూడా బలమైనదే. సబ్‌రిజిస్ట్రారు దస్తావేజు రాసిచ్చినవారు ఎవరన్నది, స్టాంపు డ్యూటీ చెల్లిందా అన్నది చూస్తారు గాని, అమ్మేవారికి నిజంగా హక్కుందా అన్నది తేల్చరు. హక్కుపత్రాలు చూపనిదే నమోదు చేయనవసరం లేదన్న తమిళనాడు నియమాన్ని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేస్తూ, హక్కు విచారణ రిజిస్ట్రారు పని కాదని మళ్లీ స్పష్టం చేసింది. ప్రభుత్వమే హక్కుకు పూచీ పడే పద్ధతికి మారాలని ఆంధ్రప్రదేశ్ చేసిన భూహక్కుల చట్టం 2023లో అమల్లోకి వచ్చి, తీవ్ర వివాదం తరవాత 2024లో రద్దయింది.

హక్కులోపాల్లో తెలుగువారిని ఎక్కువగా నష్టపరిచినవి ప్రభుత్వ భూములతో ముడిపడినవి. భూమిలేని పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూముల బదిలీని నిషేధించిన 1977 నాటి చట్టం అటువంటి అమ్మకాన్ని చెల్లనిదిగా చేసింది కాబట్టి, తెలియక కొన్నవారికి సైతం భూమి దక్కదు, అమ్మినవారి నుంచి డబ్బు రాబట్టుకోవడమే మిగులుతుంది. ఇలాంటి భూములను నమోదు దశలోనే ఆపడానికి 2007లో రిజిస్ట్రేషన్ చట్టానికి 22ఎ సెక్షను కొత్త రూపంలో చేరింది. నిషేధిత జాబితా అని జనం అనేది దాని కింద వచ్చే జాబితానే. ఇక హైదరాబాదు చుట్టూ చెరువుల కథ వేరు. చెరువు నిండినప్పుడు మునిగి, నీరు తగ్గినప్పుడు తేలే నేలను రెవెన్యూ పరిభాషలో శిఖం అంటారు. చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిగీతను ఎఫ్‌టీఎల్ అంటారు. 2012 నాటి నిర్మాణ నియమాలు 10 హెక్టార్లూ ఆపై విస్తీర్ణం గల చెరువు చుట్టూ ఆ గీత నుంచి 30 మీటర్లు, అంతకు చిన్నవాటి చుట్టూ 9 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలన్నాయి. అయినా ఇలాంటి చోట వేసిన ప్లాటు దస్తావేజులో నాలుగు హద్దులు ఎలా ఉంటాయో గమనించాలి: ఉత్తరాన ఒక ప్లాటు నంబరు, తూర్పున ఇంకో ప్లాటు నంబరు, దక్షిణాన 30 అడుగుల రోడ్డు, పడమర పొరుగువారి ఇల్లు. నాలుగు వరసల్లో ఎక్కడా చెరువు ఉండదు. పొరుగు భూములవారిని పిలిచి అడగమన్న మితాక్షర పద్ధతిలో ఇది దాగే సంగతి కాదు. ప్లాటు నంబర్ల భాషలో దాగిపోయింది. 2024లో ఏర్పడిన హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ చెరువుల్లోని కట్టడాలు కూల్చడం మొదలుపెట్టినప్పుడు, అనుమతి పత్రాలూ బ్యాంకు రుణమూ నమోదైన దస్తావేజూ చేతిలో ఉన్న కుటుంబాలు కూడా వీధిన పడడం రాష్ట్రమంతా చూసింది. ఆ కుటుంబాల దుఃఖం వెనక, అమ్మినవారి మౌనంతో పాటు అనుమతి ఇచ్చిన యంత్రాంగం మౌనం కూడా ఉంది, రెండోదానికి 55వ సెక్షనులో చోటు లేదు.

అపార్టుమెంట్లు పెరిగే కొద్దీ అమ్మేవారు పొరుగింటి మనిషి నుంచి వ్యాపార సంస్థగా మారారు. సివిలు దావా అంటే ఆస్తి విలువను బట్టి కోర్టు ఫీజు, ఏళ్ల తరబడి వాయిదాలు. మధ్యతరగతి కొనుగోలుదారులకు అది పేరుకే ఉన్న దారి. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టానికి 1993లో గృహనిర్మాణాన్ని సేవగా చేర్చారు, అదే ఏడాది లక్నో అభివృద్ధి సంస్థ కేసులో సుప్రీంకోర్టు, ఇల్లు కట్టి ఇచ్చే సంస్థ, అది ప్రభుత్వానిదైనా, లోపానికి జవాబు చెప్పాలని తీర్పిచ్చింది. లేఅవుట్ అభివృద్ధి చేసి ప్లాట్లు అమ్మడం కూడా సేవేనని 2012లో తేలినది హైదరాబాదు వ్యాపారానికి సంబంధించిన కేసులోనే. కాని అభివృద్ధి హామీ ఏదీ లేని ఒట్టి స్థలం అమ్మకం వినియోగదారు వివాదం కాదని మరుసటి ఏడాదే కోర్టు గీత గీసింది.

2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే రెరా, చాలా ముందుకు వెళ్లింది. స్వాధీనం ఇచ్చిన నాటి నుంచి 5 ఏళ్లలో నిర్మాణంలో గాని పనితనంలో గాని లోపం బయటపడి, కొన్నవారు దాన్ని ప్రమోటరు, అంటే కట్టి అమ్మిన సంస్థ, దృష్టికి తెస్తే, 30 రోజుల్లో అదనపు రుసుము లేకుండా సరిచేయాలి, చేయకపోతే పరిహారం ఇవ్వాలి. మోసాన్ని నిరూపించవలసిన పని గాని, ప్రమోటరుకు లోపం ముందే తెలుసని చూపవలసిన పని గాని ఇక్కడ లేదు. విత్తనానికీ పాడి ఆవుకూ స్మృతులు ఇచ్చిన పరీక్షా కాలం వంటిది ఇంటికి దొరికింది ఇప్పుడే. భూమి హక్కులోపం వల్ల నష్టం జరిగితే పరిహారం కోరడానికి కాలపరిమితి అడ్డురాదని 18వ సెక్షను చెప్పడం ఇంకా గొప్ప రక్షణ. రెరా ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషను తలుపు మూసుకుపోదని కూడా 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఈ రక్షణలన్నీ ప్రమోటరుకు ఎదురుగా నిలిచేవి. ఇరవై ఏళ్లనాటి ఇంటిని ఒక కుటుంబం నుంచి ఇంకో కుటుంబం కొన్నప్పుడు, ఉపాధ్యాయుడి ఇంటిని గుమాస్తా కొన్నప్పుడు, పరిస్థితి దాదాపు 1882లోనే ఉంది. రిజిస్ట్రేషనుకు ముందే లోపం బయటపడితే కొనేవారు వెనక్కి తగ్గి బయానా తిరిగి అడగవచ్చు. రిజిస్ట్రేషన్ తరవాతనైతే రెండే దారులు: ఇల్లు ఉంచుకుని నష్టపరిహారం కోరడం, లేదా మోసం జరిగిందని చూపి అమ్మకాన్నే రద్దు చేయమనడం. రద్దు కోరేవారు ఇంటిని తిరిగి అప్పగించగల స్థితిలో ఉండాలి. ఈలోగా దాన్ని మరొకరికి అమ్మినా, పడగొట్టి మార్చినా 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం కింద ఆ దారి మూసుకుపోవచ్చు. రెండింట్లోనూ అసలు కష్టం, లోపం అమ్మినవారికి ముందే తెలుసని రుజువు చేయడం. అందుకు పనికొచ్చేవి చాలా చిన్న వస్తువులు: అంతకుముందు వానాకాలంలో స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్ చేయించిన బిల్లు, మేస్త్రీ సాక్ష్యం, పగులు గురించి అమ్మినవారు మునిసిపాలిటీకి రాసుకున్న అర్జీ, అమ్మకానికి పెట్టినప్పుడు ఫోనులో పంపిన పాత ఫొటో.

దస్తావేజు రద్దు దావాకు కాలపరిమితి చట్టం ఇచ్చే గడువు మూడేళ్లు, మోసం ఉన్న చోట ఆ లెక్క మోసం తెలిసిన నాటి నుంచి, లేదా మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగిన నాటి నుంచి మొదలవుతుంది. ఆ నాడు ఏదన్నది తరవాత కోర్టులో పెద్ద వాదమవుతుంది కాబట్టి, పైకప్పు నుంచి మొదటి చుక్క పడిన రోజునే తేదీ వేసి ఫొటో తీసి, అమ్మినవారికి తపాలాలో నోటీసు పంపి, అది అందినట్టు వచ్చే రుజువును విక్రయ దస్తావేజుతో కలిపి దాచమని జిల్లా కోర్టుల వకీళ్లు కక్షిదారులకు చెబుతారు.